టీచరమ్మకు మిగిలిన ఒక్క మాట

నలభై ఏళ్ళు సండే స్కూలు చెప్పిన మనిషి. అదే హాల్లో, ఆమె దగ్గర ప్రార్థన నేర్చుకున్నవాళ్ళందరి కళ్ళెదుట, రొట్టె పళ్ళెం ఆమె ముందుకు తెచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుని పక్కవాళ్ళకు అందించారు. ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా టీచరమ్మ తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎక్కకపోతే మనిషే కాదు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఆదివారం ఏసు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గర సంఘ పెద్ద పళ్ళెం పట్టుకుని వరుస వెంట వస్తాడు. ఒక్కొక్కరి ముందూ ఆగి, "నువ్వెవరి సొత్తు?" అని అడుగుతాడు. "ప్రభువు సొత్తు" అని పక్కవాళ్ళకు వినబడేలా చెప్పాలి. చెప్పినవాళ్ళకే రొట్టె. దీన్ని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు, మానేద్దామనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మూడు నెలల కిందట అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. పోయిందంటే మొత్తంగా పోలేదు, ఒక్క మాట మిగిలింది. అది ఏ స్తోత్రమో, ఆమేనో అయ్యుంటే ఇంత గొడవే లేదు. మిగిలింది "వెధవ". మంచినీళ్ళు కావాలన్నా వెధవ, కిటికీ మూయమన్నా వెధవ, కాళ్ళు పట్టిన మరదలికి కృతజ్ఞత చెప్పాలన్నా అదే.

"ఆలోచించి మాట్లాడే చోటు దెబ్బతిందండీ" అని డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "విసుగులో తన్నుకొచ్చే మాటలు వేరే చోట ఉంటాయి. అది బాగానే ఉంది. మీరనేవన్నీ ఆవిడకి అర్థమవుతాయి. చెప్పాలనుకునేది ఒకటి, బయటికొచ్చేది ఒకటి. అంతే."

తమ్ముడికి అది వింతగా అనిపించలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు అతనికి నాలుగేళ్ళు, అక్కకు పదహారు. అక్కే నీళ్ళు పోసింది, బడికి పంపింది, వీపు విమానం మోతా మోగించింది. రోజుకు పదిసార్లు ఆ మాటతోనే పిలిచేది. అది ఆమె లోపల ఎంత లోతున పాతుకుపోయి ఉంటుందో అతనికి తెలుసు.

అతను లిఫ్టు మెకానిక్కు. సంఘం కూడుకునే నాలుగో అంతస్తు హాలుకు వెళ్ళే పాత లిఫ్టును చూసేది కూడా అతనే. సంఘానికి రావడం మాత్రం ఇరవై ఏళ్ళ కిందటే మానేశాడు. ఆ ఆదివారం అక్క చక్రాల కుర్చీ తొయ్యడానికి వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు.

"నువ్వెవరి సొత్తు?" అని అడిగాడు పెద్ద.

అక్క నోరు తెరిచింది. మెడ నరాలు పొంగాయి. "వెధవ" అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద మళ్ళీ అడిగాడు. అక్క కళ్ళు మూసుకుంది. ఈసారి తొందరపడకుండా, నిండా పోసిన గ్లాసు మోస్తున్నంత జాగ్రత్తగా, "వెధవ" అంది. పెద్ద వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. పళ్ళెం పక్కకు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక అక్క గోడవైపు తిరిగి పడుకుంది. సోమవారం రెండు చెంచాల పాలు తాగింది. మంగళవారం అవీ లేవు. తినమని మరదలు బతిమాలితే మూతి బిగించింది. ఇలాగే ఉంటే వారంలో పెట్టాబేడా సర్దేస్తుందని మరదలు వంటగదిలో కళ్ళు తుడుచుకుంది. బుధవారం మధ్యాహ్నం తమ్ముడు చేతిలో పని సగంలో వదిలేసి, గ్రీజు చేతులతోనే సంఘ పెద్ద కొట్టుకు వెళ్ళాడు.

సంఘ పెద్దది కళ్ళజోళ్ళ కొట్టు. గోడకు అక్షరాల పటం, దాని ముందు బల్ల, బల్ల మీద ఒక కన్ను మూసుకుని ఓ ముసలాయన. "కింది వరుస చదవండి" అంటున్నాడు పెద్ద. ముసలాయన తడుముకున్నాడు. "చదవలేకపోతే కనబడనట్టే" అని కాగితం మీద రాసుకున్నాడు పెద్ద. ముసలాయన వెళ్ళేదాకా తమ్ముడు పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాడు.

"కూర్చో తమ్ముడూ."

"కూర్చోడానికి రాలేదు. మా అక్క తిండి మానేసింది. ఆ పళ్ళెం తీసుకుని మా ఇంటికి రండి."

పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు మాత్రం బాధ లేదా? నా పిల్లలిద్దరూ ఆమె ఒళ్ళో కూర్చుని ప్రార్థన నేర్చుకున్నారు. కానీ నోటితో ఒప్పుకోవాలి కదా. నేను మనిషి లోపలికి తొంగి చూడలేను. నోరు ఏం చెబితే నాకదే."

"అది రోగమండీ. డాక్టరు చెప్పింది."

"రోగమే అనుకుందాం. రోగంలో అయినా ఆయన పేరు ఒక్కసారి రావాలిగా. తిట్టే ఎందుకు రావాలి? కడదాకా గట్టిగా పట్టుకున్నవాళ్ళకే రక్షణ. టీచరమ్మ పట్టు ఎక్కడో జారింది. నేనేం దాచలేదు. ఆదివారమే ఆమె చెవిలో చెప్పాను. నీ చెయ్యి జారిందమ్మా, వేడుకో, అని."

తమ్ముడు చుట్టూ చూశాడు. అద్దాల అరల నిండా కళ్ళజోళ్ళు. ఒక్క తోపు తోస్తే చాలు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఆ మాట ఆమె చెవిలో వేశారా?" అన్నాడు. "తిరిగి జవాబు చెప్పలేని మనిషి చెవిలో? ఇన్ని కళ్ళజోళ్ళు పెట్టుకుని మనిషిని చూడ్డం చేతకాలేదు మీకు."

"నువ్వు సంఘం మొహం చూసి ఇరవై ఏళ్ళయింది. నీకెందుకింత కోపం?"

ఆ మాటకు అతనికి ఇంకా మండింది. తలుపు ధడాలున వేసి బయటపడ్డాడు.

ఇంటికి వచ్చి మంచం పక్కన ముక్కాలి పీట లాక్కున్నాడు. "ఆయన నీ చెవిలో ఏం ఊదాడో తెలిసిందక్కా" అన్నాడు.

అక్క నాలుగు రోజుల్లో మొదటిసారి ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించింది. మెల్లగా ఒక్కో వేలూ విప్పింది. తన గుండె చూపించుకుంది. మళ్ళీ పిడికిలి, మళ్ళీ ఖాళీ చెయ్యి.

"జారిపోయానంటున్నావా?"

తల ఊపింది. కళ్ళ నీళ్ళు చెవిలోకి కారాయి. నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ ధైర్యం నూరిపోసిన మనిషి భయంతో వణుకుతోంది.

"మాట పడిపోయిందని వదిలేసే దేవుడైతే వదిలెయ్యనీ. అలాంటాయన నీకెందుకు?" అన్నాడు.

"వెధవ" అని కసిరి అక్క మళ్ళీ గోడవైపు తిరిగింది. ఈసారి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. అతను నాలుక కరుచుకున్నాడు. ఆమెకు మిగిలిన ఆ కాస్త ఆసరానీ తనే తన్నేశాడు.

చెప్పాల్సిన మాట అతని దగ్గర లేక కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట, అతను ఈ పనిలో చేరిన కొత్తలో, అక్క భయపడి చచ్చేది. తాడు తెగితే ఎలాగరా అని రోజూ గోల. పడలేక ఒకరోజు తీసుకెళ్ళి లిఫ్టు అడుగున బిగించిన ఇనప దవడలు చూపించాడు. పై తాళ్ళన్నీ తెగినా ఇవి పక్క పట్టాలను కరిచి పట్టుకుంటాయి, పైన బరువు ఎంత ఉంటే అంత గట్టిగా కరుస్తాయి, అని చెప్పాడు. మరుసటి ఆదివారమే ఆమె దాన్ని సండే స్కూల్లో పాఠం చేసేసింది. మనం దేవుణ్ణి పట్టుకుని వేలాడటం లేదర్రా, ఆయనే మనల్ని పట్టుకున్నాడు, అని. నా కూడు పెట్టే పనిని ప్రసంగం చేస్తావేంటని అప్పుడు పోట్లాడాడు. ఆ పాఠం ఇప్పుడు ఆమెకే తిరిగి చెప్పాలి. కానీ నమ్మనివాడి నోట్లోంచి వస్తే అబద్ధంలా ఉంటుంది. అబద్ధాన్ని అక్క ఇట్టే పట్టేస్తుంది. చెప్పకుండానే పీట మీంచి లేచిపోయాడు.

ఆదివారం అక్క వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నా కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు పట్టీ బిగించి తీసుకెళ్ళాడు. పెద్ద కింద లిఫ్టు దగ్గరే కాపు కాశాడు.

"ఈ వారం పైకి వద్దు తమ్ముడూ" అన్నాడు గొంతు తగ్గించి. "నలుగురిలో మళ్ళీ అదే మాట వస్తే ఆమెకే అవమానం. మేమే ఇంటికొచ్చి ఆమె కోసం ప్రార్థిస్తాం."

"పైకెళ్తూ మాట్లాడుకుందాం, రండి" అన్నాడు తమ్ముడు. పెద్ద సరేనని ఎక్కాడు.

రెండో అంతస్తు దాటింది. తమ్ముడు జేబులోంచి తాళంచెవి తీసి, బొత్తాల కింది చిన్న తలుపు తెరిచి, మీట తిప్పాడు. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. జనం ఉన్న లిఫ్టును కావాలని ఆపడం అతని పనిలో క్షమించరాని తప్పు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యలేదు. తప్పని తెలిసే చేశాడు.

"ఏమైంది?" అన్నాడు పెద్ద.

"ఆగింది. ఇప్పుడు చెప్పండి, ఎవరి చెయ్యి జారింది?"

పెద్ద వినే స్థితిలో లేడు. గోడకున్న కమ్మీని రెండు చేతులా వాటేసుకున్నాడు. మడమలు పైకి లేచాయి. ఆగిన లిఫ్టులో అందరూ చేసే పనే అది, తమ బరువు తామే తగ్గించుకోబోతారు.

"మడమలు ఆనించండి. మునివేళ్ళ మీద నిలబడితే బరువు తగ్గదు."

"పడిపోతుందేమో."

"అందుకని కమ్మీ పట్టుకున్నారా? ఆ కమ్మీ ఎక్కడుందండీ? లిఫ్టులోనేగా. లిఫ్టు పడితే అదొక్కటీ పైన ఆగిపోతుందా? మీతోపాటే అదీ వస్తుంది." అతని గొంతు పెరిగిపోయింది. వారం రోజుల కోపం కట్టలు తెంచుకుంది. "మీరు ఎంత బిగబట్టినా లిఫ్టుని మీరు మొయ్యట్లేదు. అదే మిమ్మల్ని మోస్తోంది. పైన బ్రేకు పట్టుకుంది. అది పోతే తాళ్ళున్నాయి. తాళ్ళూ పోతే కింద దవడలున్నాయి, మీ బరువే వాటి పట్టు. మీరు పట్టుకున్నా ఒకటే, వదిలేసినా ఒకటే. మా అక్కను చూడండి. ఆ చేత్తో దేన్నీ పట్టుకోలేదు, పట్టుకోవాలన్నా పట్టుకోలేదు. మీరెంత ఎత్తున ఉన్నారో ఆమే అంత ఎత్తున ఉంది. ఒక్క అంగుళం కిందికి లేదు. కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

చూడమని వేలు చూపించి, అప్పుడు తనూ చూశాడు. అక్క అతన్నే చూస్తోంది. అతను ఆమెకు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట, వేరేవాణ్ణి తిడుతూ చెప్పేశాడు. కోపంలో చెప్పాడు కాబట్టి అందులో అబద్ధానికి చోటు లేకపోయింది. అక్క తల వంచుకుని ఒళ్ళో చచ్చుబడ్డ కుడి చేతిని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"వదల్లేను తమ్ముడూ" అన్నాడు పెద్ద. ఆయన మొహం చెమటతో తడిసింది. "నాకు చేతకాదు. ప్రతి ఆదివారం అందరికంటే గట్టిగా ఆ మాట చెప్పేది నేనే. ఎందుకో తెలుసా? ఒక్క వారం చెప్పకపోతే ఏమైపోతానో అని. ఒక్కరోజు కూడా నాకు నిమ్మళం లేదు."

తమ్ముడికి జాలి వెయ్యలేదు. నీ భయం తీసుకెళ్ళి మా అక్క చెవిలో పోశావా, అని ఇంకా మండింది. అనబోయాడు కూడా. ఈలోగా అక్క ఎడమ చెయ్యి చాచి పెద్ద మణికట్టు పట్టుకుంది. లాగింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే కమ్మీ నుంచి ఊడివచ్చాయి.

"వెధవ" అంది. ఆడుకుంటూ పడి మోకాలు చెక్కుకున్న పిల్లవాడితో అన్నట్టు అంది.

తమ్ముడు మీట తిప్పాడు. లిఫ్టు పైకి కదిలింది.

హాల్లో ప్రార్థనలు అయ్యాక పెద్ద పళ్ళెం పట్టుకుని వరుస వెంట వచ్చాడు. అక్క ముందు ఆగాడు. హాలంతా ఇటే చూస్తోంది. ఆయన పెదవులు కదిలాయి గానీ ప్రశ్న రాలేదు. చివరికి హాలు వైపు తిరిగి, "ఈమె ప్రభువు సొత్తు" అన్నాడు. రొట్టె ముక్క తీసి ఆమె నోట్లో పెట్టాడు. వారం రోజులుగా మూతి బిగించిన మనిషి నోరు తెరిచింది. వంకరపోయిన మూతితో ఆ చిన్న ముక్కను చాలాసేపు నమిలి మింగింది.

తమ్ముడి కోపం అప్పటికీ చల్లారలేదు. ఈ మూడు మాటలు పోయిన ఆదివారమే అని ఉంటే నీ సొమ్మేం పోయేది, అని కడిగేద్దామనుకుంటున్నాడు. ఇంతలో పెద్ద అలవాటు కొద్దీ ఒక అడుగు పక్కకు వేశాడు. పళ్ళెం కుర్చీ వెనక నిలబడ్డ అతని ముందుకు వచ్చింది.

"నువ్వెవరి సొత్తు?"

"నేను కుర్చీ తొయ్యడానికి వచ్చాను" అన్నాడు తమ్ముడు కటువుగా.

అక్క వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి భుజం మీదుగా చాచి, కుర్చీ పిడి మీదున్న అతని మణికట్టు దొరకబుచ్చుకుంది. పెద్ద కళ్ళలోకి చూసి, తమ్ముడి తరఫున తనే జవాబు చెప్పింది.

"వెధవ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పళ్ళెం అక్కడే ఉంది. అతను చెయ్యి లాక్కోబోయాడు. అక్క వదల్లేదు.