కొరికిన కాలరు

మా తమ్ముడి పనిచొక్కాలన్నీ నేనే కుట్టేదాన్ని. వీధి చివర నాకొక చిన్న కుట్టుకొట్టు ఉంది. ముదురు నీలం మందపు గుడ్డ, రెండు జేబులు, వెడల్పాటి కాలరు. యాసిడ్ పడి చిల్లులు పడితే మాసికలు వేసేదాన్ని. కాలరు అరిగితే విప్పి, తిరగేసి కుట్టేదాన్ని. ఎవరి చొక్కా అయినా మెడ దగ్గర అరుగుతుంది. వీడివి మాత్రం కాలరు కొసలే పోయేవి, అదీ ఎలక కొరికినట్టు.

"ఏరా, మీ ఓనరు మీద కోపమొస్తే కాలరు నములుతున్నావా?" అని ఏడిపించేదాన్ని.

"నేను కాదక్కా, మా ఇంట్లో చిన్న ఓనరు" అని నవ్వేవాడు.

చిన్న ఓనరంటే వాడి కొడుకు. మేమంతా బుడంకాయ అని పిలిచేవాళ్ళం.

తమ్ముడి పని పాత బ్యాటరీలు విప్పడం. ఊరి చివర రేకుల షెడ్డు. లారీల్లోంచి, కార్లలోంచి తీసేసిన బ్యాటరీలు అక్కడ గుట్టలుగా పడతాయి. వాటిని సుత్తితో పగలగొట్టి, లోపలి సీసం పలకలు లాగి, పెద్ద మూకుట్లో కరిగించి దిమ్మలు పోస్తారు. పొద్దున వెళ్ళినవాడు సాయంత్రానికి బూడిదలో పొర్లినట్టు తయారవుతాడు. అయితే మావాడికి శుభ్రం విషయంలో మహా చాదస్తం. షెడ్డు వెనక పంపు కింద ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేసి, వేరే బట్టలు వేసుకుని, మాసిన చొక్కా సంచిలో కుక్కుకుని వచ్చేవాడు. "ఆ దుమ్ము మంచిది కాదక్కా, ఇంటికెళ్ళి పిల్లాణ్ణి ఎత్తుకోవాలి కదా" అనేవాడు. తోటివాళ్ళు 'వచ్చాడయ్యా పెళ్ళికొడుకు' అని వెక్కిరించినా చెవిన వేసుకోలేదు.

దుమ్మంటే ఒంటి మీద ఉండేదే అనుకున్నాడు పిచ్చి సన్నాసి. సంచి సంగతి వాడికీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

పుట్టిన కొత్తలో బుడంకాయ వాళ్ళ నాన్న ఎత్తుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. నాన్నేమో పగలంతా షెడ్డులో. మా మరదలు, పాపం, వాణ్ణి భుజాన వేసుకుని ఆ ఒంటిగదిలో తిరిగి తిరిగి సోలిపోయేది. ఒక మధ్యాహ్నం ఉతుకుదామని సంచిలోంచి తీసిన చొక్కా పక్క మీద పడి ఉంటే, పిల్లాడు అందులో మొహం దూర్చి ఇట్టే నిద్రపోయాడు. మర్నాడు ఉతికిన చొక్కా ఇచ్చి చూసింది. గుక్కపట్టి ఏడ్చాడు. మాసినది ఇస్తే ఊరుకున్నాడు. నాన్న వాసన కావాలి వెధవకి! అప్పటి నుంచి ఎప్పుడూ ఒక మాసిన చొక్కా ఉతక్కుండా వాడి పక్కలో ఉండేది. 'ఎంత తెలివైనదానివే' అని ఇంటిల్లిపాదీ దాన్ని మెచ్చుకున్నాం. తమ్ముడి మురిపెం చెప్పనక్కర్లేదు. తను లేనప్పుడు కొడుకు తన చొక్కా కరుచుకుని పడుకుంటాడని షెడ్డులో ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

పళ్ళొచ్చాక వాడు కాలరు కొసలు నమలడం మొదలుపెట్టాడు. మాటలొచ్చాక "తియ్యగా ఉంటుందత్తా" అన్నాడు నాతో. గుడ్డ తియ్యగా ఉండటమేమిట్రా అని నవ్వాను.

ఆ మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. వాళ్ళ నాన్నకీ అంతే కదా అని సరిపెట్టుకున్నాం. బడిలో వేశాక సరిపెట్టుకోవడం కుదరలేదు. నిన్న దిద్దిన అక్షరం ఇవాళ వాడికి కొత్త చుట్టం. కుదురుగా కూర్చోడు. కాస్త గట్టిగా చెప్తే పలక విసిరికొడతాడు, అంతలోనే వచ్చి ఒళ్ళో తలపెట్టుకుంటాడు. నీ గారమే వాణ్ణి చెడగొట్టిందని అందరం మరదలి మీద పడ్డాం. అది తల వంచుకుని విన్నది. అప్పటికి దానికి మళ్ళీ నెల తప్పింది.

చివరికి టీచరే పిలిపించి, "పిల్లాడు మంచివాడేనండీ, చెప్పిందే నిలవడం లేదు. ఓసారి డాక్టరుకి చూపించండి" అన్నాడు.

డాక్టరమ్మ పిల్లాడి కంటే ముందు తండ్రిని చూసింది. ఏం పని చేస్తావని అడిగి, పిల్లాడికి రక్తపరీక్ష రాసింది. ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, "రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. ఎలా చేరుతోంది?" అంది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "నేను స్నానం చెయ్యకుండా వాణ్ణి ముట్టుకోనండీ! ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి!"

మరదలి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు కాలర్లు గుర్తొచ్చాయి. నేను నోరు తెరిచేలోపు అదే అంది, "చొక్కా... నేనే ఇచ్చానండీ. ఉతక్కుండా నేనే ఇచ్చాను."

డాక్టరమ్మ దాన్ని ఒక్క మాట అనలేదు. "చూడమ్మా, పసితనంలో మెదడు ఇంకా కట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు సీసం చేరితే ఆ పని సరిగ్గా సాగదు. చేరడం ఆపేస్తే రక్తంలోది మెల్లగా తగ్గుతుంది. మెదడుకి జరిగిన నష్టం మాత్రం మందులతో పోదు. ఓపిగ్గా నేర్పితే నేర్చుకుంటాడు. ఎంతవరకో నేను చెప్పలేను" అంది. తర్వాత మరదలి కడుపు వైపు చూసింది. "నీకూ పరీక్ష చెయ్యాలి. నీ రక్తంలో ఉన్నది బిడ్డకీ వెళ్తుంది. ఇక ఆ దుమ్ము మీ గడప దాటి లోపలికి రాకూడదు."

మరదలి రక్తంలో కొద్దిగానే ఉందని తేలింది. ఆ కొద్దిగా అన్న మాటనే పట్టుకుని బతికాం మేమంతా. తమ్ముడు షెడ్డు మానేసి గోడౌనులో మూటలు మోయడానికి కుదిరాడు. పరుపు, దుప్పట్లు, పనిచొక్కాలు అన్నీ మూటగట్టి పారేశాం. మరదలు నిండు కడుపుతో నేలంతా తడిగుడ్డ పెట్టి తుడిచేది. తుడిచిందే తుడిచేది. వద్దే అంటే ఏడ్చేది.

బుడంకాయ చొక్కా కోసం నానా యాగీ చేశాడు. నేను అదే రంగు గుడ్డ తెచ్చి కొత్తది కుట్టాను. తమ్ముడు గోడౌనులో రోజంతా దాన్నే వేసుకుని, చెమటతో తడిసినదాన్ని కొడుక్కిచ్చాడు. వాడు వాసన చూసి, "ఇది నాన్నది కాదు" అని అవతల పడేశాడు. తమ్ముడు దాన్ని తీసి మడతపెట్టుకుంటూ ఉంటే నేను చూడలేకపోయాను.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే చేసిన పరీక్షలో గండం లేదన్నారు. పాపని ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం అందరం గదిలోనే ఉన్నాం. పిల్ల ఏడుపు లంకించుకుంది. పాలిచ్చినా, ఎత్తుకున్నా ఊరుకోలేదు. బుడంకాయ కాసేపు దాన్నే చూసి, మూల ఉన్న తన బడిసంచి లాక్కొచ్చాడు. అందులోంచి ముదురు నీలం చొక్కా ఒకటి తీసి, మేం తేరుకునేలోపే చెల్లెలి మీద కప్పాడు. కాలరు కొస సరిగ్గా దాని నోటి దగ్గరికి జరిపాడు.

మరదలు కెవ్వుమని అరిచి చొక్కా లాగి బయటికి విసిరేసింది. పిల్లని తుడవడానికి తడిగుడ్డ కోసం పరుగెత్తింది.

వెళ్ళి చూస్తే ఆ చొక్కా నా కొట్టులోదే. కాలరు తిప్పడానికి తమ్ముడు ఎప్పుడో మాసినదే ఇచ్చాడు. తిప్పి, కొరికిన కొసలు లోపలికి మడిచి కుట్టి, పీలికల మూటలో పెట్టి మర్చిపోయాను. ఇల్లంతా గాలించాం కానీ నా కొట్టు గాలించలేదు. బడి వదిలాక వీడు కూర్చునేదేమో అక్కడే.

నేను తిప్పి కుట్టిన కాలరు ఒక కొస పీచుపీచుగా నమిలి ఉంది. రెండో కొసకి చిన్న పంటిగాటు కూడా లేదు.

"ఇదెందుకు కొరకలేదురా?" అన్నాను.

"అది చెల్లిదత్తా. చెల్లొస్తుందన్నారుగా, ఉంచాను" అన్నాడు.

చెప్పింది నిలవదన్న పిల్లాడు. నిన్నటి అక్షరం ఇవాళ గుర్తుండని పిల్లాడు. అన్ని నెలలూ ఆ ఒక్క కొస గుర్తుపెట్టుకుని నోట పెట్టకుండా దాచాడు. నేను అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చేశాను.

తమ్ముడొచ్చి వాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు భయంగా లోపలికి, తల్లి వైపు చూశాడు. అది పాప మూతి తుడిచి, మళ్ళీ తుడుస్తోంది.

"చెల్లికి నాన్న వద్దా?" అని అడిగాడు.

మా తమ్ముడు వాడి తల తన భుజానికి అదుముకున్నాడు.