కనుబొమ్మ కొలత

దాలయ్య అరచేతిలో నాలుగు చుక్కల ఆముదం వేసుకుని కర్రకు పట్టిస్తున్నాడు. కింది నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందికి. నిటారుగా నిలబెడితే ఆ కర్ర సరిగ్గా అతని కనుబొమ్మల దాకా వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా తెల్లవారేసరికి ఇదే వరస. తనకంటే ఆ వెదురు ముక్కకే ముద్దు ఎక్కువని భార్య కాశమ్మ పొయ్యి దగ్గరి నుంచి సణుగుతుంది. అది నిజమే కాబట్టి దాలయ్య ఇంకో చుక్క వేసుకుంటాడు.

మనిషి గొప్పవాడేమీ కాదు. అరవై ఒకటి దాటాయి. బక్కపలచని ఒళ్ళు, పిక్కల మీద తాళ్ళలా తేలిన నరాలు, పక్కకి విచ్చుకున్న బొటనవేళ్ళు. పోర్టులో బొగ్గు గుట్టల మీద ధూళి లేవకుండా గొట్టంతో నీళ్ళు కొట్టే కాంట్రాక్టు పని. భీమిలి అవతల పల్లెలో, తాలింఖానా అనే సాము సాధన చోట, మేనమామ దగ్గర కర్రసాము నేర్చుకున్నాడు. ఇప్పుడు గోపాలపట్నంలో రైలు పట్టాల గోడ పక్కన ఊరికే నేర్పుతాడు. మొదట ఎనిమిది మంది చేరారు. అతనేమో మూడు నెలల దాకా కర్ర ముట్టుకోనివ్వడు. మడమ ఆనించడం, అడుగు మార్చడం, ఊపిరి బిగపట్టకుండా తిరగడం, అంతే. ఏడుగురు తెల్ల బట్టలూ రంగు బెల్టులూ ఇచ్చే కరాటే క్లాసుకి పోయారు. మిగిలింది రోజారమణి ఒక్కతే.

ఆమెది పెట్రోలు బంకులో పని, మధ్యాహ్నం షిఫ్టు. ఒకసారి తాగొచ్చిన వాడెవడో చెయ్యి పట్టుకుంటే కాళ్ళు బిగుసుకుపోయి నిలబడిపోయిందట. ఆ కాళ్ళ కోసమే వచ్చానని మొదటి రోజే చెప్పింది. అది పద్నాలుగు నెలల కిందటి మాట.

ఆ శనివారం పొద్దున కూడా దాలయ్య ఇసుక పోసి చదును చేశాడు. వేసిన అడుగులోనే మళ్ళీ అడుగు పడాలి, జాడ చెదరకూడదు. తొందర పడొద్దన్నాడు, నెమ్మదిగా కుదిరిన అడుగే తర్వాత వేగంగా వస్తుందన్నాడు. కండ నొప్పిపెడితే చెయ్యొచ్చు, కీలు నొప్పిపెడితే ఆపాలి. ఎదుటివాడి చేతిని కాదు, రొమ్మును చూడాలి. చెయ్యి మోసం చేస్తుంది. ఇంకా రెండుసార్లు చేసే ఓపిక ఉండగానే ఆపేస్తే మర్నాడు రాబుద్ధవుతుంది. రోజారమణి ఇవన్నీ వందోసారి వింటూ ఇసుకలో నాలుగు చుట్లు తిరిగింది. ఒక్క జాడా చెదరలేదు.

ఇంకా కుదరలేదన్నాడు దాలయ్య.

ఆమె చెమట తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, ఎల్లుండి కాడ్నుంచి నాకు పొద్దుటి షిఫ్టు ఏసినారు. ఇంక రానేను. నా కాళ్ళు కుదిరినాయో నేదో నీకు తెల్దా? రేపు ఒక్క పూటే ఉంది. నీ కర్ర ఇత్తావో ఇవ్వవో సెప్పీ."

"రేపు రా. సూద్దాం," అన్నాడు దాలయ్య.

ఆమె కాళ్ళు అయిదు నెలల కిందటే కుదిరాయి. కుదరనిది దాలయ్య మనసే. వాళ్ళ తాలింఖానాలో ఒక ఆచారం ఉంది. గురువు తన కర్రనే శిష్యుడి కనుబొమ్మ కొలతకి కోసి ఇవ్వాలి. కోసిన రోజు నుంచి మళ్ళీ కర్ర పట్టకూడదు. మేనమామ అలాగే కోసి ఇచ్చి, ఆ తర్వాత పదకొండేళ్ళు ఖాళీ చేతులతో అరుగు మీద కూర్చున్నాడు. ఆ చేతులు గుర్తొచ్చినప్పుడల్లా దాలయ్యకి భయం వేసేది. అయిదు నెలల కిందట ఆమెని పట్టాల గోడకి ఆనించి, నడుం వంగుతోందేమో చూడాలని వంక పెట్టి, కనుబొమ్మ దగ్గర మేకుతో గీత గీశాడు. గీత అక్కడే ఉంది, కర్ర ఇక్కడే ఉంది.

పోర్టులో ఎండ ముదిరేసరికి రెండో గుట్ట మీదికి నీళ్ళు వదిలారు. కొత్తవాళ్ళు ఇద్దరు పట్టుకునే గొట్టాన్ని దాలయ్య ఒక్కడే పడతాడు. ఆ పూట నీటి తోపుకి అతని వెనక కాలు అడుగు వెనక్కి పోయింది. పక్క గొట్టం దగ్గరున్న గవర్రాజు చూశాడు.

"ఏటి బావా, కాలు జారిందేటి?"

"జార్నేదు. కదిలింది."

ఈ పనిలో ఇరవై ఆరేళ్ళుగా ఎన్నడూ కదలని కాలు. నిలబడలేనివాడు కర్ర దించెయ్యాలని మేనమామ అనేవాడు. మిగిలిన పూటంతా దాలయ్య కాళ్ళు ఎడంగా ఆనించి గొట్టం పట్టాడు. ఎడమ భుజం లాగుతోందని రెండుసార్లు మాత్రం రుద్దుకున్నాడు.

సాయంత్రం కర్ర తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. గీత కంటే కర్ర జానెడు పైకి ఉంది. గీత దగ్గర కర్ర మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, వడ్రంగి తవిటయ్యని రంపం అడిగి తెచ్చుకున్నాడు. అతను కోసిపెడతానంటే దాలయ్య ఒప్పుకోలేదు. గడప మీద కాలితో అదిమిపట్టి కోశాడు. కోత వంకర పోలేదు. గరుకు కాగితంతో అంచు నున్నగా రుద్దాడు. ఆ వేళప్పుడు కాశమ్మ సణగలేదు. తనే ఆముదం సీసా తెచ్చి పక్కన పెట్టింది.

"రేపు ఆ యమ్మికి ఇచ్చీయాల," అన్నాడు.

అన్నం సగమే తిని, గుండెల్లో పట్టేసినట్టుందని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే రోజారమణి ఇసుక తనే చదును చేసుకుని ఆరింటి దాకా చూసింది. దాలయ్య ఆలస్యం చేసే మనిషి కాదు. ఇంటికి వెళ్తే వాకిట్లో నలుగురు నిలబడి ఉన్నారు. నిద్రలోనే పోయాడని తవిటయ్య మెల్లగా చెప్పాడు. కాశమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, అతన్ని పడుకోబెట్టిన చాప పక్కన కూర్చుని ఉంది.

"నిన్న కోసినాడమ్మా. నీదే, అట్టుకెళ్ళు," అంది గడప పక్క గోడకి ఆనించిన కర్రని చూపిస్తూ.

రోజారమణికి దుఃఖం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. సూద్దాం అన్న మనిషి మీద నిన్నంతా కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది. ఏడుస్తూనే కర్ర అందుకుని పక్కన నిలబెట్టి చూసుకుంది. సరిగ్గా కనుబొమ్మల దాకా వచ్చింది. ఆమె కాళ్ళు బిగుసుకుపోలేదు. కర్రని మళ్ళీ గోడకి చేర్చి, వాకిట్లోని నలుగురితో పాటు చాప మోయడానికి తనూ ఒక చెయ్యి వేసింది.

గడప పక్కన, రాలిన రంపపు పొట్టు మీద కర్ర నిలబడి ఉంది. కోసిన అంచుకి దాలయ్య పట్టించిన ఆముదం ఇంకా తడిగానే ఉంది.