పొగ తాలూకు వాళ్ళు

పొద్దున్న లేస్తూనే మైకాయన చేసే పని ఒకటే. బ్యాటరీకి తీగలు తగిలించి, ఆటో మీది మైకు గొట్టాల్లో పేరుకున్న మసిని పాత గుడ్డతో తుడిచి, "హలో, హలో" అని మూడుసార్లు అనడం. ఆ మసి రంగుల మిల్లుది. ఇవాళ తుడిచింది రేపటికి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

తర్వాత వీధుల వెంట తిరుగుతూ తప్పిపోయినవాటిని పిలుస్తాడు. కళ్ళజోడైనా, మేకైనా, పసిపిల్లైనా మైకులో మూడుసార్లు పిలిస్తే తన తాలూకు వాళ్ళ దగ్గరికి నడిచి వచ్చేస్తుంది. అందులో ఎవరికీ వింతేం లేదు. రేటు ఎక్కువన్నదొక్కటే గొణుగుడు. తాలూకు వాళ్ళ పేరు మాత్రం ఆయన చచ్చినా మైకులో చెప్పడు. ఒకసారి ఓ కోడి కోసం ఇద్దరాడవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పిలిచేసరికి ఆ కోడి తాపీగా మూడో ఇంట్లోకి పోయింది. "మనకెందుకు, దానికి తెలుసు" అనడం అప్పట్నుంచి ఆయనకు అలవాటు.

ఎనిమిదేళ్ళ కూతురికి ఉబ్బసం. డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి మిల్లు చిమ్నీ వైపు చూపించి చేతులెత్తేశాడు. అందుకే, పొగకు జల్లెడ పెట్టందే మిల్లు నడవకుండా చట్టం తెస్తానని ఎన్నికలప్పుడు ఓ పార్టీ నాయకుడు అనగానే, మైకాయన గొంతు చించుకుని ప్రచారం చేశాడు.

ప్రచారం సగంలో ఉండగా పార్టీకి జీపులొచ్చాయి, జెండాలొచ్చాయి, మైకాయనకు కొత్త ఆటో వచ్చింది. అంతా మిల్లువాళ్ళ చందా అని అందరికీ తెలుసు. తెలిసే ఆయన తాళంచెవి పుచ్చుకున్నాడు. మర్నాడు చదవమని ఇచ్చిన కాగితంలో జల్లెడ మాట లేదు. అదీ చూశాడు. గెలిచాక చూసుకుందాంలే అనుకున్నాడు. మనమంతా అలాగే అనుకుంటాం.

గెలిచారు. మూడో నెలలో కొత్త కాగితం వచ్చింది: పొగ పరిమితి పెంచడమైనది, కనుక ఇకపై మిల్లు పొగ హానికరం కాదు. అది వీధి వీధికీ చాటాలి.

మైకాయన నాయకుడి ఇంటికి పరిగెత్తాడు.

"అన్నా, మా పిల్ల సంగతి మీకు తెలుసు కదా."

"తెలుసు తమ్ముడూ. తెలిసి ఏం చెయ్యను? మనం గాలి భోంచేసి గెలవలేదు కదా."

"మాటిచ్చారన్నా."

"నేను మాటే ఇచ్చాను. వాళ్ళు జీపులిచ్చారు. కాగితం చదివెయ్, పో."

చదవలేదు. ఒళ్ళు మండిపోయి, మిట్టమధ్యాహ్నం నాలుగు రోడ్ల మధ్య ఆటో ఆపి మైకు తీశాడు.

"ప్రజలకు మనవి. దిక్కూ మొక్కూ లేని పొగ ఒకటి ఊళ్ళో తిరుగుతోంది. రంగు నలుపు. పిల్లల గుండెల్లో దూరడం అలవాటు. ఓ పొగా, ఎక్కడున్నా నీ తాలూకు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపో!"

మూడుసార్లు అన్నాడు.

పొగ కిందికి దిగింది. పెద్ద పాయ మిల్లు యజమాని మేడ మెట్లెక్కింది. ఇంకోటి నాయకుడి గేటు తోసుకుని లోపలికి పోయింది. జనం చప్పట్లు కొట్టారు. మైకాయన చాలా ఏళ్ళకు నోరారా నవ్వి ఇంటి దారి పట్టాడు.

దారిలో ఎవరో కేకేస్తే వెనక్కి చూశాడు. సన్నటి పాయ ఒకటి ఆటో వెంట వస్తోంది. ఆయన సందు తిరిగితే తిరిగింది, ఆగితే ఆగింది. గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చంక కింద నుంచి దూరి లోపలికి పోయింది.

కూతురు ఊపిరాడక లేచి కూర్చుంది. ఆయన మైకు పట్టుకుని పొమ్మని అరిచాడు. పొగ కదల్లేదు. అది చేరాల్సిన చోటికి చేరింది.

భార్య పిల్ల బట్టలు సంచిలో కుక్కింది. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"పొగ నీదట. పిల్ల నాది."

పిల్లతో తన అక్కగారి ఊరికి బస్సెక్కేసింది.

ఇప్పుడు చిమ్నీ నుంచి వచ్చిన పొగ వచ్చినట్టే మూడు పాయలై దిగుతుంది. యజమానీ నాయకుడూ ఇళ్ళల్లో గాలి శుభ్రం చేసే యంత్రాలు పెట్టించుకున్నారు. మైకాయన ఆ పొగలోనే వండుకుంటాడు, పొగలోనే పడుకుంటాడు. ఎక్కడికి పోయినా అది వెంటే వస్తుంది. పిల్లకు దగ్గు తగ్గిందని, బడికి పరిగెత్తుకుంటూ పోతోందని వదినగారు కబురు చేసింది. నాన్న నన్నెప్పుడు పిలుస్తాడని రోజూ అడుగుతోందట.

మూడుసార్లు పిలిస్తే చాలు, ఎంత దూరమైనా నడిచి వచ్చేస్తుంది. వచ్చి ఈ పొగలోనే తండ్రి పక్కన కూర్చుంటుంది.

ఆయన మైకు అమ్మేశాడు.