పది సెకన్ల ఖాళీ గది

యాభై నాలుగో ఏట నాకు మైకు మైకం కమ్మింది. ముప్పయ్యేళ్లుగా కత్తెర పట్టిన దర్జీని, కోత నాకు కొత్తా? బట్ట బదులు పాట, అంతే తేడా అనుకుని పెద్దవాళ్లకు సౌండు రికార్డింగు నేర్పే క్లాసులో చేరాను. అక్కడి సౌండింజనీరమ్మ నన్ను “మాస్టారూ” అనేది. నేనామెను “మేడమ్” అనేవాణ్ణి. ఎవరు ఎవరికి గురువో మూడో మనిషికి అంతుపట్టేది కాదు.

మొదటి రోజే చెప్పింది: “పాటకి ముందు అందరూ బయటికెళ్లి, ఖాళీ గదిని పది సెకన్లు రికార్డు చెయ్యండి. ప్రతి గదికీ సొంత రొద ఉంటుంది. ఆ ముక్క చూపిస్తే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టి పాటలోంచి తీసేస్తుంది.”

“నాకే ఖాళీ లేదు, గదికెక్కణ్ణించి తేను మేడమ్?” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ గోలలో పాఠం కొట్టుకుపోయింది.

మా అమ్మాయికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డ కోసం మా ఆవిడ చేత వారానికో జోలపాట పాడించి దాచాలని నా పథకం. కుట్టుగదిలో తానుల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టేవాణ్ణి. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఆగిన చోటునే రొదకు నమూనాగా చూపించాను. మిగులు ముక్క చేతిలో ఉండగా కొత్త తాను చించడం దర్జీ ధర్మం కాదు.

మొదటి వారం సన్నటి బుస. తీసేశాను. మూడో వారానికి బుస పెరిగింది. నాలుగో వారం దాంట్లో ఈల కలిసింది.

“ఏమండీ, ఒక చరణం తగ్గిద్దామా? ఆగి ఆగి పాడాల్సొస్తోంది.”

“ఆగితే ఆగు, జోలపాటకి తొందరేంటోయ్? నీ గొంతు బంగారం. ఈ మైకుకే జలుబు చేసింది.”

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గునీ కత్తిరించాను. శుభ్రం చేసిన పాటను పాతదాని మీదే సేవ్ చేశాను. చొక్కా కుట్టేశాక కత్తిరింపులెవడు దాస్తాడు?

ఏడో వారం పాడింది పాడైంది. బుసతో పాటు కంప్యూటరు సగం మాటల్ని కూడా మింగేసింది. శుభ్రం చేయని ముక్కను క్లాసుకు పట్టుకెళ్లి, “కొత్త మైకు కొనాలా మేడమ్?” అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు తీయలేదు.

“ఖాళీ గది ముక్కేది మాస్టారూ?”

“తియ్యలేదు.”

“ఇప్పుడే వెళ్లి తియ్యండి. అమ్మగారు ఆ గదిలో ఉండకూడదు.”

“ఏం, మా ఆవిడ అంత రొదా?” అన్నాను. ఆమె నవ్వలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడను వంటింట్లో కూర్చోబెట్టి, కుట్టుగది తలుపు మూసి, నేనూ బయటే నిలబడ్డాను. పది సెకన్లయ్యాక లోపలికెళ్లి విన్నాను. బుస లేదు. ఈల లేదు. మైకుకు ఏ రోగమూ లేదు.

హెడ్‌ఫోన్లు తీశాను. వంటింట్లోంచి ఈల వినిపించింది.

మర్నాడు ఊపిరితిత్తుల డాక్టరు ఆవిడ వీపు మీంచి స్టెతస్కోపు తీసి అడిగాడు: “ఈ శబ్దం ఎప్పట్నుంచమ్మా? ఎంత తొందరగా పెరిగిందో తెలిస్తే మందు సంగతి తేల్చుకోవచ్చు.”

“నాకు తెలీదండీ. వారం వారం పాడాను కదా, పాటల్లో ఉంటుందేమో. ఏమండీ, వినిపించండి.”

ఫోను ఇచ్చాను. డాక్టరు చెవికి ఆనించుకుని మొదటి పాట విన్నాడు. నాలుగోది విన్నాడు. ఆరోది విన్నాడు.

“వీటిలో ఊపిరి శబ్దమే లేదే!”

“ఈయనే... శుభ్రం... చేశారండీ,” అంది మా ఆవిడ గర్వంగా. ఆ మూడు మాటలకే రెండుసార్లు ఆగింది.