సింహపు పన్నుకి ఇంకో పేరు

ఉద్యానవనంలో అందరూ పిన్ని అని పిలిచే తోటపని ఆవిడ పదకొండేళ్లుగా దినకూలీ. ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆరు నెలలుగా సూపరింటెండెంటు గారి బల్ల మీద ఉంది. ఒక్క సంతకం చాలు. కానీ ఆయనకు తీరికేదీ? మొక్కల పేర్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నారు మరి.

ఆ వారం ఆయన తవ్వింది డాండెలియన్ని. ఇన్నేళ్లూ పిన్ని కలుపు మొక్కంటూ పీకి పారేసిన పసుపుపచ్చ పూల మొక్క అది. దాని ఆకు అంచులు కోరల్లా ఉంటాయని ఫ్రెంచివాళ్లు సింహపు పన్ను అన్నారట, ఆ మాటే నోళ్లలో నలిగి డాండెలియన్ అయిందట. సింహం అనేసరికి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఉద్యానవనం కమిటీవాళ్లు చూడటానికి వస్తున్నారని ఆ పేరుతో పెద్ద బోర్డు రాయించారు.

బోర్డు తుడుస్తూ పిన్ని ఉండబట్టలేకపోయింది. "మా అమ్మమ్మ దీన్ని పక్కతడుపు అనేదండి. ఆకు కషాయం తాగితే ఇక ఒంటేలుకి బయటికీ లోపలికీ తిరగడమే."

"ఆ మోటు మాట కమిటీ ముందు అన్నావంటే నీ కాగితం చింపేస్తా," అన్నారాయన.

పిన్ని మళ్లీ బోర్డు తుడవసాగింది.

కమిటీ వచ్చింది. ఆయన ఆ ఆకు కషాయమే కాయించి అందరికీ ఇప్పించారు. చేదుకి అందరూ గ్లాసులు దించేశారు. పరువు పోకూడదని ఆయనొక్కరే మూడు గ్లాసులు తాగి ఉపన్యాసం ఎత్తుకున్నారు. అరగంటకి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం మొదలైంది. "సింహం నోరు తెరిచిందనుకోండి..." అంటూనే పరుగు లంకించుకున్నారు.

"ఏమైందమ్మా ఆయనకి?" అని కమిటీ పెద్దావిడ పిన్నిని అడిగింది.

"చెబితే నా ఉద్యోగం పోతుందండి."

"పోకుండా నేను చూస్తాలే, చెప్పు."

 పిన్ని అమ్మమ్మ మాట, కాగితం సంగతి అన్నీ చెప్పేసింది. పెద్దావిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "ఫ్రెంచివాళ్లు కూడా ఇళ్లల్లో దీన్ని పక్కతడుపు అనే పిలుస్తారమ్మా. మీ సార్ సగమే చదివినట్టున్నారు," అంటూ ఆ కాగితం తెప్పించింది.

ఆయన తేలిగ్గా తిరిగొచ్చేసరికి కాగితం, కలం ఎదురుగా ఉన్నాయి.

"ఇలాంటివి సమగ్రంగా పరిశీలించాకే..." అని గొంతు సవరించుకున్నారు. అంతలోనే మళ్లీ కాళ్లు మార్చుకుంటూ గబుక్కున కలం అందుకున్నారు.

సంతకం చివరి అక్షరాలు కాగితం దాటి బల్ల మీదికి పోయాయి. అయినా చెల్లింది.