వీపుల మెట్లు

ఇటుకల జట్టు మూతబడి చాలా ఏళ్ళయింది. అయినా ఆ ఊళ్ళో ఎవరిని కదిపినా ముందు చెప్పేది గెలిచిన కప్పుల సంగతి కాదు, వీపుల సంగతి.

ఇటుకల ఫ్యాక్టరీ పనివాళ్ళు మధ్యాహ్నం విరామంలో, మట్టి తవ్వేసిన గుంటలో బంతి తన్నుకునేవారు. యజమాని ఒకరోజు చూసి ముచ్చటపడి జట్టు కట్టించాడు. చూస్తుండగానే అది జీతాలిచ్చి ఆడించే క్లబ్బయి, పేరుమోసిన జట్లకు ముచ్చెమటలు పట్టించింది. చొక్కాలది ఇటుక రంగే. గోలు వెనక మెట్లు కూడా, అమ్ముడుపోని వంకర ఇటుకలతో పనివాళ్ళే కట్టుకున్నారు. కూర్చుంటే గుచ్చుకునేవి కాబట్టి జనం ఎక్కువగా నిలబడి అరిచేవారు.

ఆ జట్టు గోల్‌కీపర్‌ని అందరూ ‘తలుపు’ అనేవారు. మూసుకుంటే ఇక తెరుచుకోడని. తలుపు వాళ్ళమ్మ ప్రతి మ్యాచ్‌కీ వచ్చి కింది మెట్టు మీద చోటు చూసుకునేది. ఆట మొదలు కాకముందే కొడుకు వేళ్ళు విరిగినట్టూ, తల గోలు స్తంభానికి కొట్టుకున్నట్టూ, అంబులెన్సు దారి తెలియక ఎక్కడో తిరుగుతున్నట్టూ మనసులో అన్నీ జరిపించేసేది. సంచిలో దూది, కట్టుగుడ్డ, నొప్పుల మందు. మైదానంలో ఎవరు పడినా ముందు ఆవిడే లేచేది, అవతలి జట్టువాడైనా సరే.

అవతలివాళ్ళకు మొదటిసారి పెనాల్టీ వచ్చిన రోజు ఆవిడ చూడలేక గిరుక్కున వెనక్కి తిరిగిపోయింది. తలుపు బంతి ఆపేశాడు. పక్కనే నిలబడ్డ బస్సు కండక్టరు అది కనిపెట్టాడు. మ్యాచ్‌లో ఊపిరంతా కూడగట్టి బాకా ఊదేది అతనే, అందుకే అతని పేరు కూడా బాకాయే.

“పిన్నీ, ఈసారి పెనాల్టీ వస్తే మీరు మళ్ళీ తిరగాలి. తోడుగా నేనూ తిరుగుతా,” అన్నాడు.

బాకా తిరిగాడని అతని బావమరిది తిరిగాడు. బావమరిదిని చూసి ఆ వరసంతా తిరిగింది. ఆ ఏడు గడిచేసరికి పెనాల్టీ అన్నమాట వినబడితే చాలు, మెట్ల మీది జనమంతా ఒక్కసారిగా మైదానానికి వీపు పెట్టేవారు. బంతి తన్నడానికి వచ్చినవాడికి గోలు వెనక ఒక్క మొహం కనబడేది కాదు. కొందరు ఆ వింతకే తడబడి బంతిని గాల్లోకి తన్నేవారు. అవతలి మూలనున్న ఎదుటి జట్టు జనం కేక వినబడితే గోలైనట్టు, వినబడకపోతే తలుపు ఆపినట్టు. ఇటుకలవాళ్ళకు చెవులతోనే తెలిసేది.

చివరి మ్యాచ్ కూడా అలాగే అయింది. ఫ్యాక్టరీ మూసేస్తున్నారని అప్పటికే అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ లేకపోతే జట్టూ లేదు. పోయేటప్పుడైనా గెలిచి పోదామని ప్రాణాలొడ్డి ఆడి, ఒక గోలు ముందున్నారు. ఆఖరి క్షణంలో అవతలివాళ్ళకు పెనాల్టీ. మెట్లన్నీ తిరిగాయి. అవతలి మూల కిక్కురుమనలేదు. ఈల మోగింది. గెలిచారు. జనం మైదానంలోకి దూకి తలుపుని భుజాలకెత్తుకున్నారు. వారం తిరక్కుండానే పొగగొట్టం చల్లబడింది, క్లబ్బు బోర్డు దిగిపోయింది.

తలుపు ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు. పొట్ట వచ్చింది, మోకాలు పట్టేస్తుంది. అతని కూతురు మాత్రం ఊళ్ళో కొత్తగా పెట్టిన ఆడపిల్లల జట్టులో గోల్‌కీపరయింది. తలుపు కూతురు కాబట్టి అడగకుండానే ‘గొళ్ళెం’ అని పేరు పెట్టేశారు. మొదటి మ్యాచ్ ఆ పాత మైదానంలోనే. నాయనమ్మ అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టింది.

“దూది ఇంకాస్త కావాలి,” అంది కోడలితో.

కోడలు ఆసుపత్రిలో నర్సు. “ఆసుపత్రిలో కూడా అంత దూది లేదు అత్తయ్యా,” అని నవ్వింది.

గొళ్ళెం వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుంది. “నాయనమ్మా, రేపు నువ్వు రావద్దు.”

ఆవిడ చేతిలోని కట్టుగుడ్డ జారి నేలమీద దొర్లింది. “ఏమే? నేనేం చేశానే?”

“వస్తే నావైపు చూడాలి. వీపు చూపించేటట్టయితే ఇంట్లోనే ఉండు.”

“అదేంటే! అది మీ నాన్నకు ఎంత కలిసొచ్చిందో తెలుసా?”

గొళ్ళెం గోడమీది ఫోటో దింపి తెచ్చి బల్లమీద పెట్టింది. చివరి మ్యాచ్ ఫోటో. పేపరువాళ్ళు తీసింది. తలుపు గాల్లో అడ్డంగా ఉన్నాడు, వేళ్ళ చివర బంతి. ఆవిడ రోజూ దుమ్ము తుడిచే ఫోటోయే. కొడుకు వేళ్ళు వంకరపోలేదు కదా అని ప్రతిసారీ చూసుకునేది.

“నాన్నని కాదు. వెనకాల చూడు. ఒక్క మొహం ఉందా?”

చూసింది. వరసల మీద వరసలు వీపులు. కింది మెట్టు మీద పొట్టిగా ఉన్నది తన వీపే.

కుర్చీలో కూర్చుని కూతురి గ్లవ్స్‌కి పట్టీ కుడుతున్న తలుపు తలెత్తలేదు. “పోనీవే. పాత కథ.”

“నాకు చెప్పావుగా, నాయనమ్మకీ చెప్పు నాన్నా.”

అతను దారం కొరికి, నవ్వే ప్రయత్నం చేశాడు. “ఏం లేదమ్మా. బంతి ఆపి లేచి వెనక్కి తిరిగాను, మీ అందరికీ చూపిద్దామని. అంతా వీపులే. ఎవరి వంక చూడాలో తెలీలేదు. అంత బాగా ఎప్పుడూ దూకలేదులే నేను. అంతే.”

కొడుకు దెబ్బలన్నీ తనకు తెలుసనుకుంది ఆవిడ. వేళ్ళు, మోకాళ్ళు, మోచేతులు అన్నీ తడిమి చూసుకుంది. ఈ దెబ్బ మాత్రం సంచి పట్టుకుని పక్కనే ఉన్నా కంటబడలేదు. ఫోటో మళ్ళీ గోడకు తగిలించింది. “వస్తానే,” అంది మనవరాలితో. “చూస్తాను.” అనేసిందే గానీ, చూస్తూ చూస్తూ గుండె ఆగిపోతే ఏం కావాలని రాత్రంతా ఆలోచించింది.

మర్నాడు మెట్లు నిండిపోయాయి. పాతవాళ్ళు ఇటుకరంగు చొక్కాలు బయటికి తీశారు. బాకాకి బొత్తాలు పట్టలేదు. “ఉతికితే కుంచించుకుపోయింది పిన్నీ,” అన్నాడు పొట్ట నిమురుకుంటూ.

“కుంచించుకుపోయింది చొక్కా కాదురా, సిగ్గు,” అందావిడ. సంచి ఒళ్ళో పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చుంది.

గొళ్ళెం బాగా ఆడింది. పడిన ప్రతిసారీ ఆవిడ సగం లేచి, మళ్ళీ కూర్చుంది. రెండో సగంలో అవతలి జట్టు పిల్ల ఒకతి గొళ్ళెం ముందు బోర్లా పడింది. రిఫరీ చెయ్యి చాపాడు. పెనాల్టీ.

మెట్లమీద చెప్పులు గరగరలాడాయి. ఎవరూ చెప్పకుండానే పాతవాళ్ళంతా తిరిగిపోయారు, వాళ్ళను చూసి కొత్తవాళ్ళూ తిరిగారు. ఆవిడ కాళ్ళు కూడా, అలవాటు కొద్దీ, తిరిగేశాయి. కళ్ళెదుట పైమెట్టు దాకా వీపులు. ఇటుకరంగు గోడలా, ఒక్కదానికీ కళ్ళు లేవు. ఆ రోజు వాడికి కనబడింది ఇదే.

“ఒరేయ్ బాకా! ఇటు తిరగరా!”

“పిన్నీ, పెనాల్టీ! అపశకునం!”

“జట్టే పోయింది, ఇంకా పోవడానికి ఏముందిరా? తిరగండి అందరూ! అక్కడ పిల్ల ఒక్కతే ఉంది!”

ఆవిడ అంత గట్టిగా అరవగలదని ఆవిడకే తెలియదు. బాకా తిరిగాడు. బాకా తిరిగాడని బావమరిది తిరిగాడు. అలా వరస వెంబడి వరస, తిట్టుకుంటూ, గొణుక్కుంటూ, మెట్లన్నీ మైదానం వైపు తిరిగాయి. ఆవిడ సంచిని గుండెకు అదుముకుని కళ్ళు విప్పార్చింది. రెప్ప వేస్తే ఒట్టు.

అవతలి పిల్ల పరుగెత్తుకొచ్చి తన్నింది. గొళ్ళెం కుడివైపు దూకింది. బంతి వేళ్ళకు తగిలి, స్తంభానికి తగిలి, లోపలికి పోయింది.

గోలు.

గొళ్ళెం కాసేపు నేలమీదే ఉండి, తర్వాత లేచి, వల్లో బంతి తీసుకోవడానికి వెనక్కి తిరిగింది. మెట్లనిండా మొహాలు. అందరికంటే కింద, అందరికంటే ముందు, నాయనమ్మ. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

“చూశానే!” అని అరిచిందావిడ. “వేళ్ళకు తగిలింది, చూశాను! నొప్పిగా ఉందా?”

గొళ్ళెం ఎర్రబడ్డ చెయ్యి పైకెత్తి అయిదు వేళ్ళూ ఆడించింది. మొహం విప్పారింది.

“అయితే ఇంకేం! విసురు బంతి! రానీ ఇంకోటి, చూద్దాం!”

మెట్లు హోరెత్తాయి. గోలు పడినందుకు అంత సంబరపడ్డ జనాన్ని చూసి అవతలివాళ్ళు బిత్తరపోయారు. బాకా బుగ్గలు పగిలేలా ఊదాడు.

తలుపు వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

“ఆ రోజు ఏ వైపు దూకావురా?” అందావిడ.

“ఎడమకి,” అన్నాడతను. “ఫోటోలో ఉందిగా అమ్మా.”

“ఫోటో వద్దు. ఆట అయ్యాక దూకి చూపించు. మోకాలు పట్టేస్తే కోడలు ఉంది, నా దగ్గర దూది ఉంది.”

“అందరూ నవ్వుతారమ్మా. నావైపు చూసి చెప్పు, నిజంగానే దూకమంటావా?”

“దూకమనే అంటున్నా,” అందావిడ, మైదానం మీది నుంచి చూపు తిప్పకుండా. “కానీ ఇప్పుడు కాదు. ఇప్పుడు చూస్తున్నాను.”