వైరక్క

"మేడమ్, ఈ బస్సు స్టీరింగుకి వైరుందా, వైర్‌లెస్సా?"

ముందు తలుపు దగ్గర వేలాడుతున్న ఒక కాలేజీ పిల్లాడు అడిగాడు. వాడి వెనకాల ఉన్నవాళ్లు పళ్లికిలించారు. ఎర్ర లైటు పడితే బ్రేకు మీద కాలు వేసి, డ్రైవరమ్మ తల తిప్పి చూసింది.

"ఏంటి బాబూ?"

"మీరు వైరక్కే కదా? వీడియో చూశాం."

ఏ వీడియో, ఎవరి వీడియో అని అడిగేలోపు పచ్చలైటు పడింది, వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఆమె బస్సు కదిలించింది. కానీ ఆ పేరు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

డిపోకి చేరాక మెకానిక్ ఫోన్ తీసి చూపించాడు. "మీ తమ్ముడే పెట్టాడమ్మా. మీకు తెలిసే ఉంటుందనుకున్నా" అన్నాడు, నవ్వాపుకోడానికి మీసం గోక్కుంటూ.

ఆమెకి మెటల్ డిటెక్టర్ పిచ్చి ఉందన్న సంగతి డిపోలో అందరికీ తెలిసిందే. సెలవు రోజున, కోతలైపోయిన పొలాల్లో, రైతుల్ని అడిగి, తలకి స్కార్ఫు కట్టుకుని నేలంతా జల్లెడ పడుతుంది. దొరికేవి ఏముంటాయి? పాత బొత్తాలు, గుర్రపు నాడాలు, ఎప్పుడో ఏ ఎద్దు మెళ్లోంచో జారిన గంట. వాటిని కడిగి, తోమి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకుంటుంది. వారమంతా మనుషుల్ని మోసి మోసి, ఆ ఒక్కరోజు ఎవరూ లేని చోట నడవడమే ఆమెకి సుఖం. ఆమె మిషన్ పాతది. కింద పళ్లెంలా ఉండే కాయిలు, దాన్నుంచి కర్రకి చుట్టుకుంటూ పైన డబ్బాలోకి వెళ్లే లావుపాటి వైరు, డబ్బాలోంచి చెవుల దాకా మరో మెలికల వైరు.

తమ్ముడు, ఇంట్లో పిలుపు చిన్నోడు, ఈ మిషన్లే అమ్ముతాడు. బజారులో గాలాలు, టార్చిలైట్లు, గుడారాలు అమ్మే దుకాణం వాడిది. ఈ మధ్యే వైర్‌లెస్ మిషన్లు తెప్పించాడు. కాయిలు, డబ్బా, హెడ్‌ఫోను అన్నీ గాల్లోనే మాట్లాడుకుంటాయి, ఎక్కడా తీగన్నది కనపడదు. "అక్కా, సరదాగా ఒక పోటీ పెట్టుకుందాం. నీ మిషనూ నా మిషనూ. నేను వీడియో తీస్తా" అని బతిమాలి పొలానికి తీసుకెళ్లాడు. తమ్ముడు అడిగాడు కదా అని ఆమె వెళ్లింది.

ఆ రోజు ఏం జరిగిందో ఆమెకి బాగా గుర్తుంది. నిజం చెప్పాలంటే ఇద్దరికీ చుక్కెదురైంది. ఆమె హెడ్‌ఫోను వైరు ముళ్లకంపకి చిక్కుకుంది, లాగబోయి వెల్లకిలా పడింది. చిన్నోడి హెడ్‌ఫోన్‌లో మోత ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. దాంతో వాడు కాయిలు దాటించేశాక విని, పక్కన తవ్వి, ఏమీ దొరక్క మళ్లీ మళ్లీ తవ్వాడు. చివరికి ఆమెకి ఒక ఇత్తడి బకిలు, ఒక తాళంచెవి, ఒక సీసపు గుండు దొరికాయి. వాడికి దొరికింది ఒక తాళంచెవీ, బోలెడన్ని రేకు ముక్కలూ.

వీడియోలో అదంతా లేదు. చిన్నోడు దర్జాగా నడుస్తాడు, ఒక్క తవ్వుకే తాళంచెవి బయటికొస్తుంది. తర్వాత ఆమె వెల్లకిలా పడుతుంది. వెనక్కి తిప్పి మళ్లీ పడేశాడు. మళ్లీ నెమ్మదిగా. వెనకాల ఏదో కోతి ఇకిలించే మోత. కింద అక్షరాలు: 'పాపం వైరక్క! ఇంకా తీగలతోనే కుస్తీ.' చివర్లో చిన్నోడు మిషన్ ఎత్తి పట్టుకుని, "పొలమైనా, ఇసుకైనా, నీళ్లయినా, వైర్‌లెస్సే రాజు" అంటాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా దుకాణానికి వెళ్లింది.

"ఏరా, నాకు దొరికినవేవి? నువ్వు గుంటలు గుంటలు తవ్విందేది?"

"అక్కా, వీడియో అన్నాక కత్తిరించుకోకుండా ఎట్లా? జనం నవ్వాలి, చూడాలి. ఎంతమంది చూశారో తెలుసా?"

"నన్ను చూసి నవ్వాలా?"

"అబ్బా, అంత సీరియస్ అయితే ఎలా! సరే, నువ్వే చెప్పు. వైరు చిక్కుకుందా లేదా? పడ్డావా లేదా? నేనేమైనా అబద్ధం పెట్టానా?"

తను పడింది నిజమే. వైరు చిక్కుకుంటుంది, అదీ నిజమే. వైర్‌లెస్‌లో హాయి ఉందని ఆమె కూడా ఒప్పుకుంటుంది. గొడవ అది కాదు. చిన్నప్పుడు వీడికి జ్వరమొస్తే వీపున మోసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది తను. ఈ దుకాణం తెరిచిన రోజు అరలన్నీ తుడిచింది తను. అలాంటి మనిషిని ఊరందరి ముందూ కోతిని చేసి ఆడించడానికి వాడికి చెయ్యెలా వచ్చింది?

"ఆ వీడియో తీసెయ్."

"తీసేస్తే నా అమ్మకాలు పోతాయక్కా. నాలుగు రోజులు పోతే జనమే మర్చిపోతారు."

ఇంకో మాటంటే ఆమె చెయ్యి లేచేలా ఉంది. వచ్చేసింది. ఇంట్లో భర్త, "పోనీలెద్దూ, చిన్నోడు చిన్నప్పట్నుంచీ అంతే కదా" అన్నాడు. ఆ రాత్రి ఆయనతో కూడా మాట్లాడలేదు.

తర్వాత రోజుల్లో బస్సెక్కినవాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. వినపడనట్టు నటించడం నేర్చుకుంది. నటిస్తున్న కొద్దీ లోపల కుంపటి రాజుకుంటూనే ఉంది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం, డిపో గేటు దగ్గర ఒకామె కనిపెట్టుకుని ఉంది. ఆసుపత్రి నర్సు, తెల్ల బట్టల్లోనే వచ్చింది. ఒక చేతిలో కొత్త వైర్‌లెస్ మిషన్, ఇంకో చేతికి ఒక చిన్న పాప. పాప గేటు వైపు, బస్సుల వైపు, మనుషుల నోళ్ల వైపు కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"మీరేగా ఆ వీడియోలో పడ్డావిడ?" అంది నర్సు.

"అవును, నేనే, పడ్డాను. మీరూ నవ్వి పోదామని వచ్చారా?"

"నవ్వడానికా? అడగడానికొచ్చాను. మీ అక్కాతమ్ముళ్లిద్దరూ కూడబలుక్కునే ఆడారా ఆ నాటకం? మీరు పడ్డట్టు నటిస్తే ఆయన మిషన్లు అమ్ముకోవాలి, అంతేనా?"

నర్సు జవాబు కోసం ఆగలేదు.

పాపకి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆపరేషన్ చేసి తల లోపల ఒక ముక్క పెట్టారు. బయట చెవి వెనక ఒక మిషన్, దాన్నుంచి బిళ్లంత కాయిలు. ఆ బిళ్ల అయస్కాంతంతో తలకి అతుక్కుంటుంది. అది ఉంటేనే పాపకి లోకం వినపడుతుంది. ఈతకి వెళ్లినప్పుడు నీళ్లు పోకుండా దానికి తొడిగే సంచీ ఉంది. ఆ సంచీతోనే రేవులో దిగింది. తల ముంచి లేచేసరికి చెవి మిషన్ లేదు. మునిగి వెతికారు, దొరకలేదు. వీడియోలో 'నీళ్లయినా' అన్నాడని నర్సు పరిగెత్తుకెళ్లి ఈ వైర్‌లెస్ డిటెక్టర్ కొనుక్కుంది.

"కాయిలు నీళ్లలో ముంచగానే మూగబోయింది. పైకి తీస్తే కూస్తుంది, ముంచితే నోరు మూసుకుంటుంది. మీ తమ్ముణ్ని అడిగితే, మీకు వాడటం రాలేదమ్మా అన్నాడు. నాకు వాడటం రాలేదట! ఆసుపత్రిలో ఎన్ని మిషన్లు వాడతాను నేను!" ఆమె పాపని దగ్గరికి లాక్కుంది. "పాప నన్ను పిలుస్తోంది, నేను పలికితే వినపడట్లేదు. రాత్రి దీపం ఆర్పితే ఏడుస్తోంది. నా పెదాలు కనపడవు కదా."

పాప డ్రైవరమ్మ యూనిఫాం బొత్తాన్ని పట్టుకుని తిప్పుతోంది.

"నాటకం కాదమ్మా," అంది డ్రైవరమ్మ. "నన్ను కూడా వాడుకున్నాడు. కానీ మీకు జరిగింది నా మొహం అడ్డం పెట్టుకునే జరిగింది. పదండి. రేవెక్కడో చూపించండి."

సెలవు రాసిచ్చి, ఇంటికి వెళ్లి పాత మిషన్ తెచ్చుకుంది. దారిలో చిన్నోడికి ఫోన్ చేసింది. "రేవుకి రా. మిషన్ తెచ్చుకో. రాకపోతే నేనే నీ దుకాణానికొస్తా. ఈసారి ఊరికే తిరిగి వెళ్లను" అని, జవాబు వినకుండా పెట్టేసింది.

రేవు దగ్గర నీళ్లు మొలలోతు. అడుగున గులకరాళ్లు, మధ్యలో బండల సందులు. నీళ్లు వేగంగా లేవు కాబట్టి ఎక్కువ దూరం కొట్టుకుపోయి ఉండదని ఆమె అనుకుంది. డబ్బా తడవకుండా ఛాతీకి కట్టుకుని, కాయిలు నీళ్లలో ముంచి దిగింది. వైరు పొడవునా మోత పైకి పాకుతూ వచ్చింది. సీసా మూత. గాలపు గుండు. మళ్లీ సీసా మూత. సబ్బుపెట్టె రేకు. ఆమె ఆగి వంగిన ప్రతిసారీ గట్టు మీద నర్సు లేచి నిలబడేది, మళ్లీ కూర్చునేది.

చిన్నోడు వచ్చాడు. మొహం మాడ్చుకుని, చంకలో మిషన్, చేతిలో ఒక సన్నటి నల్ల వైరు చుట్ట. గట్టు మీద కూర్చుని, ఆ వైరుని కాయిలు దగ్గర్నుంచి కర్ర వెంబడి పై డబ్బా దాకా టేపుతో అంటించడం మొదలెట్టాడు.

డ్రైవరమ్మ నీళ్లలోంచే చూసింది. "ఏంటది?"

"వైర్‌లెస్ సిగ్నలు నీళ్లలో సాగదక్కా. ఈ వైరు కడితే పైకి మోసుకొస్తుంది."

"నీకు ముందే తెలుసా?"

వాడు టేపు చింపుతూనే ఉన్నాడు.

"నిన్నే! ముందే తెలుసా?"

"కంపెనీవాళ్లు చెప్పారు," అని గొణిగాడు. "వైర్‌లెస్‌కి వైరు కట్టాలని వీడియోలో చెప్తే ఎవడు కొంటాడక్కా? నవ్వరూ?"

గట్టు మీద నర్సు లేచింది. "అంటే నాకు వాడటం రాకపోవడం కాదన్నమాట. నువ్వు చెప్పకపోవడం." ఆమె అరవలేదు. అరిస్తేనే బాగుండేదేమో, వాడు తలెత్తలేకపోయాడు. చేతిలో టేపు మెలికపడి వేళ్లకి అంటుకుంది.

"నీళ్లలో దిగు," అంది డ్రైవరమ్మ. "ఆ బండల వైపు నువ్వు వెతుకు. నాతో మాత్రం మాట్లాడకు."

ఇద్దరూ చెరో వైపు వెతికారు. ఎండ తల మీద, చల్లటి నీళ్లు నడుము చుట్టూ. చిన్నోడి కాయిలు చిన్నది, బండల సందుల్లోకి దూరుతోంది. ఆమెది పెద్దది, దూరదు. అది చూసి కూడా ఆమెకి ఒళ్లు మండింది. చివరికి మోత వచ్చింది వాడికే. సందులో చెయ్యి పెట్టి, నాచుతో పాటు తీశాడు. సంచీలో చుట్టిన చిన్న మిషన్, దానికి వేలాడుతున్న బిళ్ల.

నర్సు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చి లాక్కుంది. గట్టు మీద కూర్చుని పైట చెంగుతో సంచీ తుడిచింది, విప్పింది. లోపల పొడిగానే ఉంది. బ్యాటరీ మార్చి, పాప చెవి వెనక తగిలించి, బిళ్లని జుట్టులోకి పోనిచ్చింది. అది తలకి టక్కున అతుక్కుంది.

డ్రైవరమ్మ కోపమంతా అప్పుడే కరిగిపోయేదేమో.

కానీ పక్కన చిన్నోడి గొంతు వినిపించింది. వాడు ఫోన్ పైకెత్తి పట్టుకుని, తల్లీబిడ్డల వైపు తిప్పి, నవ్వు మొహంతో చెప్తున్నాడు: "చూశారుగా ఫ్రెండ్స్, వైరక్క మిషన్ వల్ల కానిది, మన వైర్‌లెస్..."

ఆమె రెండంగల్లో వెళ్లి, ఫోన్ గుంజుకుని, నది మధ్యలోకి విసిరేసింది.

"అక్కా!"

"వెతుక్కో! నీళ్లయినా రాజేగా నీ మిషను! సిగ్గుందారా నీకు? ఆ తల్లి ఏడుస్తుంటే ఫోన్ తీస్తావా? నన్ను పడేసి నవ్వించావు, ఊరుకున్నాను. ఆ పిల్లని కూడా అమ్ముకుంటావా? ఆ కట్టిన వైరు కనపడకుండా మళ్లీ కత్తిరించేవాడివే కదా! చెప్పు, కత్తిరించేవాడివా కాదా?"

ఆమె అరుపుకి అవతలి గట్టు మీద బట్టలుతికేవాళ్లు ఆగిపోయి చూశారు. చిన్నోడు నీళ్లలో నిలబడి, ఫోన్ పడిన చోటు వైపు, అక్క వైపు మార్చి మార్చి చూశాడు.

పాప తల్లి చెంగు లాగింది. "అమ్మా, ఆమె ఎందుకు అరుస్తోంది?"

మిషన్ పెట్టుకున్నాక పాప విని అడిగిన మొదటి మాట అదే. నర్సు ఏడుస్తూనే నవ్వేసింది. "అరవనీ నాన్నా," అంది. "బాగా అరవనీ."

ఫోన్ దొరకలేదు. వీడియో మాత్రం పోయింది. చిన్నోడు ఇంకో ఫోన్ సంపాదించుకున్నాక మొదట చేసిన పని అదేనని భర్త చెప్పాడు. దుకాణంలో ఇప్పుడు వైర్‌లెస్ మిషన్ కొన్నవాళ్లకి ఆ నల్ల వైరు చుట్ట కూడా ఇస్తున్నాడట, నీళ్లలో ఎలా కట్టాలో విప్పి చూపిస్తున్నాడట. వింటూ ఆమె అన్నం కలుపుకుంటూనే ఉంది, తలెత్తలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున, బజారు స్టాపులో చిన్నోడు ఆమె బస్సెక్కాడు. ముందు తలుపు నుంచే ఎక్కి, ఆమె సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. జనం తోసుకుంటున్నా కదల్లేదు.

"అక్కా."

ఆమె అద్దంలోకి చూస్తూ దిగేవాళ్లు దిగేదాకా ఆగింది.

"కోపం తగ్గిందా?"

"లేదు."

"ఇంకెన్నాళ్లక్కా?"

"ఏమో. తగ్గినప్పుడు నేనే చెప్తా. తలుపుకి అడ్డం నిలబడకు, లోపలికి జరుగు."

వాడు లోపలికి జరిగి, ఆమె వెనక సీటు ఖాళీ అయితే కూర్చున్నాడు. ఆమె తలుపు వేసి బస్సు కదిలించింది.